‘క్రీమ్’ ఎలా పుట్టిందో కూడా చెప్పాల్సింది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో రాక్ సంగీతంలోని సూపర్ గ్రూపుల గురించి, అంటే వేరే బృందాల్లో పేరు తెచ్చుకున్నవారు కలిసి పెట్టుకునే బృందాల గురించి, వచ్చిన వ్యాసం చదివాను. సినిమా పాట తప్ప మరో సంగీతానికి పత్రికల్లో చోటు దొరకడమే గగనమైన రోజుల్లో పాశ్చాత్య వాద్యబృందాలకు ఒక పూర్తి పేజీ కేటాయించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే, మొదటి సూపర్ గ్రూపుగా చాలామంది లెక్కించే క్రీమ్ గురించి ఆ వ్యాసం చెప్పిందంతా మూడు ముక్కల్లో అయిపోయింది: అప్పటికే జగమెరిగిన ముగ్గురు వాద్యకారులు చేతులు కలిపారు, కలిసిన నాడే విజయం వరించింది, ఆపైన అహంకారాలు తలకెక్కి విడిపోయారు. మూడో మాటలో కొంత నిజముంది. మొదటి రెండూ మాత్రం జరిగినదానికి దూరంగా ఉన్నాయి. సికింద్రాబాదులో కొన్నేళ్లుగా బేస్ గిటారు నేర్పుతున్నవాడిగా ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాయక తప్పడం లేదు. మీ వ్యాసం చదివిన నా విద్యార్థి ఒకడు, "పేరున్నవాళ్లు ముగ్గురు దొరికితే చాలట కదా సార్" అని అడిగాడు. అతనికి చెప్పిన సమాధానమే మీ పాఠకులకూ చెప్పాలనిపించింది.

1966 మొదట్లో ఆ ముగ్గురి పరిస్థితి ఏమిటో చూద్దాం. వారిలో అభిమానగణం నిజంగా ఉన్నది ఎరిక్ క్లాప్టన్ ఒక్కడికే. యార్డ్‌బర్డ్స్ బృందం బ్లూస్ (అమెరికా నల్లజాతివారి బాణీ) వదిలి పాప్ పాటల బాట పట్టిందన్న అసంతృప్తితో 1965లో అందులోంచి బయటికి వచ్చి, జాన్ మేయాల్ నడిపే బ్లూస్‌బ్రేకర్స్‌లో చేరాడు. అక్కడ అతని గిటారు విన్నవారు లండన్ గోడల మీద అతణ్ని దేవుడంటూ రాసేదాకా వెళ్లారు. అయినా ఆ కీర్తి బ్రిటన్‌లో బ్లూస్ క్లబ్బుల చుట్టూ తిరిగే కుర్రకారులోనిదే. జాక్ బ్రూస్ స్కాట్లండ్ వాడు. గ్లాస్గోలో చెల్లో నేర్చుకుని, జాజ్ బృందాల్లో నిలువెత్తు డబుల్ బేస్ వాయించి, ఆ తరవాత బేస్ గిటారుకు మారినవాడు. జింజర్ బేకర్ లండన్ జాజ్ క్లబ్బుల్లో చేయి తిరిగిన డ్రమ్మర్. ఫిల్ సీమన్ అనే పెద్ద డ్రమ్మర్ దగ్గర ఆఫ్రికా లయల రుచి మరిగినవాడు. తోటి వాద్యకారులకు వీరిద్దరి విలువ బాగా తెలుసు గానీ, టికెట్ కొనుక్కుని వచ్చే జనానికి పెద్దగా తెలియదు. అందుచేత జగమెరిగిన ముగ్గురు అన్న మాట 1968కి సరిపోతుందేమో గానీ 1966కి సరిపోదు.

వారి పేరు ప్రతిష్ఠలకన్నా ముందు చెప్పుకోవాల్సింది వారి పాత పరిచయం గురించి. బేకర్, బ్రూస్ ఇద్దరూ అలెక్సిస్ కోర్నర్ నడిపిన బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్‌లో కలిసి వాయించారు. 1963లో ఆర్గన్ వాద్యకారుడు గ్రాహమ్ బాండ్‌తో పాటు అందులోంచి బయటికి వచ్చి, అతని బృందంలో ఊరూరా తిరిగారు. అలా రోజూ ఒకే వేదిక మీద వాయించే బేస్, డ్రమ్స్ మధ్య ఎలాంటి పొత్తు కుదురుతుందో ఆ పని చేసినవారికి తెలుస్తుంది: డ్రమ్మర్ కాలు పెడల్ మీద పడబోతున్న సంగతి బేస్ వాయించేవాడి వేలికి ముందే అందుతుంది. అదే ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది కూడా. వాళ్లు వేదిక మీదే కలబడిన సందర్భాలున్నాయి. చివరికి 1965లో, బృందం వ్యవహారాలు చూస్తున్న బేకర్ బ్రూస్‌ను తీసేశాడు. బ్రూస్ కొద్ది వారాలు మేయాల్ బృందంలో వాయించాడు. అక్కడే క్లాప్టన్ అతని పనితనాన్ని దగ్గరగా చూశాడు. ఆ తరవాత బ్రూస్ మాన్‌ఫ్రెడ్ మాన్ బృందంలో చేరాడు. 1966 మే నెలలో బ్రిటన్ రికార్డు అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన ఆ బృందం పాటలో బేస్ అతనిదే. అంటే క్రీమ్ పుట్టేనాటికి వీరి మధ్య స్నేహం, శత్రుత్వం, వృత్తిపరమైన గౌరవం అన్నీ ముందే ముదిరి ఉన్నాయి.

మీ వ్యాసకర్త ప్రస్తావించని ఒక సంఘటన ఈ కథకు మూలం. ఆక్స్‌ఫర్డ్‌లో బ్లూస్‌బ్రేకర్స్ కచేరీకి వెళ్లిన బేకర్, కార్యక్రమం అయ్యాక క్లాప్టన్‌ను తన రోవర్ కారులో లండన్‌కు తీసుకువెళ్తూ, మనం కొత్త బృందం పెడదామా అని అడిగాడు. జాక్ బ్రూస్ ఉంటేనే వస్తానన్నాడు క్లాప్టన్. ఆ మాట వినగానే బేకర్ చేతిలో కారు అదుపు తప్పినంత పనైందని క్లాప్టన్ తరవాతి కాలంలో చాలాసార్లు చెప్పుకున్నాడు. బేకర్, బ్రూస్ మధ్య వైరం ఏ స్థాయిలో ఉందో అప్పటికి తనకు పూర్తిగా తెలియదట. ఏమైతేనేం, తాను స్వయంగా తీసేసిన మనిషి ఇంటికి బేకర్ తానే వెళ్లి రమ్మని అడగాల్సి వచ్చింది. పేరున్నవాళ్లు ముచ్చటపడి చేతులు కలిపిన కథ ఇది కాదని ఈ ఒక్క సంగతితో తేలిపోతుంది. పెట్టాల్సిన బృందానికి ఆ బేస్ తప్ప మరొకటి సరిపోదని తెలిసి, ఇష్టం లేకపోయినా దిగివచ్చిన కథ.

లండన్ వాయవ్యాన నీస్డన్‌లో బేకర్ ఇంట్లో ముగ్గురూ మొదటిసారి కలిసి వాయించారు. ఎవరి మనసులో ఏముందన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికా బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై గిటారు, బేస్, డ్రమ్స్ అనే మూడు వాద్యాలతోనే వేదికను నింపేయడం చూసిన క్లాప్టన్, తాను ముందు నిలబడి పాడే బ్లూస్ త్రయాన్ని ఊహించుకున్నాడు. బ్రూస్, బేకర్ ఊహించుకున్నది జాజ్ త్రయం. క్లాప్టన్‌కు చెప్పకుండానే అతణ్ని ఆ బృందానికి, అమెరికా జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్‌గా భావించుకున్నామన్న అర్థంలో బ్రూస్ తరవాత మాట్లాడాడు. ఈ రెండు ఊహలకూ పొత్తు లేదు. పొత్తు లేకపోవడం వల్లనే ఆ సంగీతం అంత కొత్తగా వినిపించిందన్నది నా అభిప్రాయం. ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కాలేదు.

ఈలోగా 1966 జూన్‌లో మెలొడీ మేకర్ వారపత్రిక ఈ రహస్యాన్ని బయటపెట్టింది. అప్పటికి క్లాప్టన్ మేయాల్ దగ్గర, బ్రూస్ మాన్‌ఫ్రెడ్ మాన్ దగ్గర ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. తమవాళ్లు వెళ్లిపోతున్న సంగతి ఆ పెద్దలకు పత్రిక చదివితే గానీ తెలియలేదు. సహజంగానే నొచ్చుకున్నారు. విడ్డూరం ఏమిటంటే, క్లాప్టన్‌కు బ్రిటన్‌లో గట్టి పేరు తెచ్చిన బ్లూస్‌బ్రేకర్స్ ఆల్బమ్ జూలై 22న విడుదలయ్యేసరికి అతను ఆ బృందంలోనే లేడు. కొత్త బృందం వ్యాపార బాధ్యతను రాబర్ట్ స్టిగ్‌వుడ్ తీసుకున్నాడు. బ్రిటన్‌లో వారి తొలి రికార్డులు అతని రియాక్షన్ సంస్థ పేరు మీదే వచ్చాయి.

మీ వ్యాసంలో తొలి కచేరీ తేదీ, స్థలం విషయంలో ఒక పొరపాటు దొర్లింది. క్రీమ్ తొలి కచేరీ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగినట్టు రాశారు. నిజానికి 1966 జూలై 29న మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ అనే చిన్న క్లబ్బులో అలవాటు కోసం ఒకసారి వాయించి, జూలై 31న విండ్సర్‌లో జరిగిన జాజ్, బ్లూస్ ఉత్సవంలో అధికారికంగా జనం ముందుకు వచ్చారు. ఆ రెండింటికీ మధ్యలో, జూలై 30న, వెంబ్లీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచింది. దేశమంతా ఆ సంబరంలో ఉన్న వారాంతంలో ఈ ముగ్గురి పుట్టుక జరిగిపోయింది. విండ్సర్‌లో వేదిక ఎక్కేనాటికి వారి చేతిలో ఉన్న పాటలు చాలా తక్కువ. ఉన్నవాటినే సాగదీసి, మధ్యలో అప్పటికప్పుడు అల్లుకుంటూ సమయం నింపారు. తరవాత వారి ముద్రగా మారిన సుదీర్ఘ మనోధర్మానికి మొదటి కారణం సిద్ధాంతం కాదు, సరుకు లేకపోవడం. ఈ సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

రాత్రికి రాత్రి విజయం అన్న మాటకు వస్తాను. 1966 ద్వితీయార్ధమంతా వారు తిరిగింది క్లబ్బులు, కాలేజీ హాళ్లే. అక్టోబర్ 1న లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో వాయిస్తుండగా, వారం కిందట మాత్రమే ఇంగ్లండ్‌లో అడుగుపెట్టిన ఒక అమెరికన్ కుర్రవాడు తానూ ఒక పాట వాయిస్తానని అడిగి వేదిక ఎక్కాడు. అతను జిమీ హెండ్రిక్స్. గోడల మీద దేవుడని రాయించుకున్న క్లాప్టన్ అతని వేగానికి నిర్ఘాంతపోయాడు. అదే నెలలో వచ్చిన క్రీమ్ తొలి సింగిల్, క్లబ్బుల్లో వారిని విన్నవాళ్లు ఆశించిన ఉరుము కాకుండా, పాతకాలపు వినోదశాలల ధోరణిలో మెత్తగా సాగే పాట కావడంతో అభిమానులు పెదవి విరిచారు. బ్రిటన్ జాబితాలో అది 34వ స్థానం దాటలేదు. డిసెంబర్‌లో వచ్చిన రెండో సింగిల్ 11వ స్థానం దాకా, దానితో పాటే విడుదలైన మొదటి ఆల్బమ్ ‘ఫ్రెష్ క్రీమ్’ 6వ స్థానం దాకా వెళ్లాయి. గౌరవప్రదమైన ఫలితమే గానీ ప్రపంచాన్ని గెలవడం అంటే ఇది కాదు. ఆ ఆల్బమ్‌లో సుమారు సగం పాత అమెరికా బ్లూస్ పాటలకు కొత్త రూపాలు, మిగతా సగం సొంతవి. పీట్ బ్రౌన్ అనే కవిని పాటల రచన కోసం తెచ్చుకున్నది బేకర్. తీరా చూస్తే ఆ కవికి జోడీ కుదిరింది బ్రూస్‌తో. సొంత పాటల్లో ఎక్కువ భాగం ఆ ఇద్దరి నుంచే రావడం, అందువల్ల రాయల్టీ ఎక్కువ వారికే చేరడం బేకర్‌కు జీవితాంతం మింగుడుపడలేదు.

1967 వసంతంలో మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు వారికి దక్కిన మర్యాద ఏపాటిదో కూడా రాయాల్సింది. న్యూయార్క్‌లో ముర్రే ది కే అనే రేడియో వ్యాఖ్యాత నడిపిన కలగూరగంప ప్రదర్శనలో, రోజుకు పలు ఆటల చొప్పున, ఒక్కో ఆటలో ఒకటి రెండు పాటలకు మించి వాయించే వీలు లేకుండా, చాలా బృందాల్లో ఒక బృందంగా వారాన్ని గడిపారు. అదే ప్రదర్శనలో ది హూ అనే బ్రిటన్ రాక్ బృందం కూడా ఉంది. ఆ తరవాత మే నెలలో న్యూయార్క్ అట్లాంటిక్ స్టూడియోలో కొద్ది రోజుల్లోనే రెండో ఆల్బమ్ ‘డిస్రేలీ గియర్స్’ రికార్డు చేశారు. ఫెలిక్స్ పప్పలార్డి నిర్మాత, టామ్ డౌడ్ సౌండ్ ఇంజినీరు. అట్లాంటిక్ అధినేత అహ్మెత్ ఎర్తెగున్ కళ్లకు అందులో నాయకుడు క్లాప్టనే. బేస్ వాయించేవాడు ముందుకొచ్చి పాడటం ఏమిటన్నది ఆ సంస్థ వైఖరి. బ్రూస్ తెచ్చిన పాటలను మొదట్లో అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అలా పక్కకు పెట్టబోయిన వాటిలో ఒకటి ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’. దాని మూల స్వరవాక్యం బ్రూస్‌ది. 1967 జనవరి చివర లండన్ సావిల్ థియేటర్‌లో హెండ్రిక్స్ కచేరీ విని ఇంటికి వచ్చాక కట్టాడు. మన సంగీతం తెలిసిన పాఠకుల కోసం దాన్ని స్వరాల్లో చెబుతాను. డి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే వరస ఇది: స స ని స, ప మ మ స గ స. నిషాదం కైశికి, గాంధారం సాధారణం. రెండు మధ్యమాల్లో మొదటిది ప్రతి మధ్యమం, రెండోది శుద్ధ మధ్యమం. పంచమం నుంచి రెండు మధ్యమాల మీదుగా అరమెట్టు తరవాత అరమెట్టుగా జారడంలోనే దాని కసి అంతా ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి నాలుగు స్వరాలనూ మొదటి క్లాసులోనే పట్టేస్తారు; ఆ జారుడు దగ్గర ప్రతి మధ్యమాన్ని తొందరగా తొక్కేసి శుద్ధ మధ్యమం మీద వాలిపోతారు, దాంతో పాట చప్పగా చచ్చిపోతుంది. దాని కింద బేకర్ వేసిన దెబ్బ మరో విశేషం. రాక్ డ్రమ్మర్లందరూ నాలుగు మాత్రల్లో రెండు, నాలుగు మీద ఊనిక వేస్తుంటే అతను ఒకటి, మూడు మీద టామ్ డ్రమ్ములతో బరువు దించాడు. ఆ ఆలోచన తనదని డౌడ్, కాదు తనదేనని బేకర్ చివరిదాకా వాదించుకున్నారు. ఆల్బమ్ 1967 నవంబర్‌లో వచ్చి బ్రిటన్‌లో 5, అమెరికాలో 4వ స్థానం దాకా వెళ్లింది. విజయం అన్నది వచ్చింది ఇక్కడ. విండ్సర్ వేదిక ఎక్కిన ఏడాదికి పైగా గడిచాక.

ఆ ఏడాది ఆగస్టు చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ గ్రాహమ్ నడిపే ఫిల్మోర్ హాలులో వాయించిన రోజులను మీ వ్యాసం ఒక వాక్యంలో దాటేసింది. క్రీమ్ అసలు రూపం బయటపడింది అక్కడే అని నేననుకుంటాను. అక్కడి శ్రోతలు మూడు నిమిషాల పాట కోసం రాలేదు; ఎంతసేపు వాయిస్తే అంతసేపు వినడానికి వచ్చారు. పాట చరణాలు అయ్యాక క్లాప్టన్ గిటారు ఎత్తుకుంటే, వెనక శ్రుతి పట్టుకునే మరో గిటారు లేదు కనుక, బ్రూస్ బేస్ కింద ఆధార స్వరం మీద నిలబడి ఉండిపోకుండా పైకి లేచి గిటారుకు ఎదురు మాట చెప్పేది. బేకర్ రెండు బేస్ డ్రమ్ములతో ఇద్దరినీ తరిమేవాడు. ‘టోడ్’ పేరుతో బేకర్ ఒక్కడే వాయించే అంశం వచ్చినప్పుడు మిగతా ఇద్దరూ వేదిక దిగిపోయేవారు. త్యాగరాయ గానసభలో తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వినిపించే భాగం) మొదలవగానే కాఫీకి లేచిపోయే మనవాళ్లను చూసినప్పుడల్లా, పావుగంటకు పైగా సాగే ఆ డ్రమ్ వాద్యాన్ని వేలమంది కుర్రవాళ్లు కదలకుండా విన్నారన్న సంగతి గుర్తొస్తుంది.

విడిపోవడం సంగతి. అహంకారాలన్నది నిజమే గానీ దానికి యంత్ర సంబంధమైన కారణం కూడా తోడైంది, దాన్ని ఎవరూ రాయరు. అప్పటికి వేదిక మీద వాద్యకారులు తమను తాము వినడానికి నేడు మనం వాడే మానిటర్ స్పీకర్ల ఏర్పాటు సరిగా లేదు. క్లాప్టన్, బ్రూస్ ఇద్దరూ నూరేసి వాట్ల మార్షల్ ఆంప్లిఫయర్లను మనిషెత్తు పేర్చుకుని వాయించేవారు. ఒకరు సౌండ్ పెంచితే రెండోవారు పెంచడం, నడుమ డ్రమ్స్ వినిపించక బేకర్ మండిపడటం మామూలైంది. ఒక కచేరీలో తాను వాయించడం ఆపేసినా మిగతా ఇద్దరూ గమనించలేదని క్లాప్టన్ చెప్పాడు. ఒకరినొకరు వినడం మీద నిలబడ్డ బృందానికి వినడమే కరువైతే ఇక మిగిలేదేముంది? 1968లో వచ్చిన జంట ఆల్బమ్ ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న వేసవిలోనే వారు విడిపోతున్నట్టు ప్రకటించారు. మీరు తొలి కచేరీ అని రాసిన రాయల్ ఆల్బర్ట్ హాలు వారి వీడ్కోలు వేదిక: 1968 నవంబర్ 26న ఒకే రోజు రెండు కచేరీలు వాయించి సెలవు తీసుకున్నారు. మొత్తం ఆయుష్షు రెండేళ్ల నాలుగు నెలలు.

పేర్లు కలిస్తే బృందం అవుతుందన్న మీ వ్యాసం వాదనకు అసలైన పరీక్ష క్రీమ్ కాదు, ఆ వెంటనే వచ్చిన బ్లైండ్ ఫెయిత్. దాని ఊసే మీ పేజీలో లేదు. 1969లో క్లాప్టన్, ట్రాఫిక్ బృందం నుంచి వచ్చిన స్టీవ్ విన్‌వుడ్ పల్లెటూళ్లోని ఒక ఇంట్లో తీరిగ్గా కలిసి వాయించుకుంటుండగా బేకర్ వచ్చి చేరాడు. ఫ్యామిలీ అనే బృందం నుంచి రిక్ గ్రెచ్‌ను బేస్‌కు తీసుకున్నారు. గ్రెచ్ తప్ప మిగతా ముగ్గురినీ అప్పటికి నిజంగానే లోకం ఎరుగును. జూన్ 7న లండన్ హైడ్ పార్కులో జరిగిన ఉచిత కచేరీకి లక్ష మందికి తగ్గకుండా వచ్చారు. అదే వారి మొదటి కచేరీ. చిన్న క్లబ్బుల్లో తప్పులు చేసుకుంటూ దిద్దుకునే గడువు వారికి ఎవరూ ఇవ్వలేదు. జూలై 12న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదలైన అమెరికా పర్యటనలో సొంత పాటలు చాలక, జనం అడిగిన క్రీమ్, ట్రాఫిక్ పాటలు వాయించుకుంటూ పోయారు. ఆగస్టు 24న హవాయిలో పర్యటన ముగియడంతో బృందమూ ముగిసింది. వారి ఒకే ఒక్క ఆల్బమ్ బ్రిటన్, అమెరికా రెండు చోట్లా మొదటి స్థానానికి ఎక్కింది, అయినా బృందం నిలబడలేదు. క్రీమ్‌లో బేస్ వాయించిన బ్రూస్ ఇందులో లేడన్న విషయం కూడా గమనించాలి.

మనవాళ్లు భాగమైన ఉదాహరణ కావాలంటే, రాక్ అని కచ్చితంగా అనలేకపోయినా, ‘శక్తి’ ఉంది. రాక్, జాజ్ మేళవించిన బృందాన్ని నడిపి పేరు తెచ్చుకున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ విద్వాంసులు ఎల్. శంకర్, తబలాపై ఉస్తాద్ జాకిర్ హుసేన్, ఘటం విద్వాంసులు వినాయక్‌రామ్ గార్లతో కలిసి 1970ల నడుమ దాన్ని నిలబెట్టారు. 1975లో అమెరికాలో ఒక కాలేజీ వేదిక మీద వాయించినదే వారి మొదటి రికార్డు. మెక్‌లాఫ్లిన్ అంతకుముందే వీణ నేర్చుకుని మన రాగాల లెక్క తెలుసుకుని ఉండటం వల్ల ఆ కలయిక అతుకుల బొంత కాలేదు. 2024లో ఆ పేరుతోనే ఉన్న బృందానికి గ్రామీ దక్కింది.

ఇదంతా హైదరాబాదు పాఠకులకు ఎందుకంటే, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు కచేరీల పోస్టర్ల మీద ‘సూపర్ గ్రూప్’ అన్న మాట ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. ఈవెంట్ నిర్వాహకులు సినిమా రికార్డింగుల్లో వాయించే మంచి గిటారిస్టును, మరో బృందం నుంచి డ్రమ్మర్‌ను, ఇంకొక చోటి నుంచి కీబోర్డు వాద్యకారుణ్ని పిలుస్తారు. వారు ఒకరినొకరు చూసుకునేది సాయంత్రం సౌండ్ చెక్‌లో. అందరికీ తెలిసిన నాలుగు పాటలు ఎంచుకుని, ఎవరి సోలో ఎప్పుడో సైగలతో తేల్చుకుని కార్యక్రమం నడిపిస్తారు. వారి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఏ స్కేల్‌లో అడిగితే ఆ స్కేల్‌లో అప్పటికప్పుడు వాయించగలగడం చిన్న విషయం కాదు. కానీ అది ఒక రాత్రి కొలువే తప్ప బృందం కాదు, మర్నాటికి వారికంటూ మిగిలే పాట ఒక్కటీ ఉండదు. నిజం చెప్పాలంటే, వినాయక చవితి పందిళ్ల ముందు ఏటా కలిసి వాయించే మన చిక్కడపల్లి ఆర్కెస్ట్రా పార్టీల్లోని రిథమ్ ప్యాడ్, కీబోర్డు జోడీలకు ఒకరి చేయి ఒకరికి ఇంతకన్నా బాగా తెలుసు.

అలాగని తప్పంతా నిర్వాహకులదే అనలేను. కలిసి సాధన చేసే చోటు ఈ నగరంలో ఖరీదైన వస్తువు. గంటకింత అని అద్దె తీసుకునే జామ్ రూములు కొన్ని ఉన్నాయి. విద్యార్థులు నలుగురూ చందాలు వేసుకుని వెళ్తే, ఆంప్లిఫయర్లు కలిపి శ్రుతి చేసుకునేసరికే అద్దెలో సగం సమయం కరిగిపోతుంది. ఇంట్లో వాయిద్దామంటే అపార్టుమెంటు సంఘం ఊరుకోదు, అందుకే మా డ్రమ్స్ పిల్లలు రబ్బరు ప్యాడ్ మీద కర్రలు ఆడించుకుంటూ పెరుగుతున్నారు. బేకర్ తన ఇంట్లోనే క్రీమ్ మొదటి సాధన పెట్టుకోగలిగాడు. సంగీత కళాశాలలు, ప్రభుత్వ సభామందిరాలు పగటి పూట ఖాళీగా ఉండే గదులను స్థానిక బృందాలకు నామమాత్రపు రుసుముతో ఇస్తే ఎలా ఉంటుందో మీ పత్రిక సంబంధిత శాఖను అడిగి ఒక కథనం రాయగలిగితే చాలా మేలు.

మీ సంగీత పేజీకి నా మరో విన్నపం: స్థానిక బృందాల కచేరీలను సమీక్షించేటప్పుడు గాయకుడు, గిటారిస్టుల పేర్లతో ఆపకుండా బేస్, డ్రమ్స్ ఎవరు వాయించారో, వారు ఎంత కాలంగా కలిసి వాయిస్తున్నారో కూడా రాయించండి. 2005 మే నెలలో క్రీమ్ ముగ్గురూ తిరిగి రాయల్ ఆల్బర్ట్ హాలులో నాలుగు రాత్రులు వాయించినప్పుడు, దాదాపు నలభై ఏళ్ల తరవాత కూడా ఆ బేస్, డ్రమ్స్ జంట ఎక్కడా తడబడకపోవడం గ్రాహమ్ బాండ్ బృందంలో తిరిగిన రోజుల చలవే అని నా నమ్మకం. అదే ఏడాది అక్టోబర్‌లో న్యూయార్క్‌లో వాయించేసరికి ఇద్దరి మధ్య పాత గొడవలు మళ్లీ మొదలయ్యాయన్నది వేరే సంగతి. బ్రూస్ 2014 అక్టోబర్‌లో, బేకర్ 2019 అక్టోబర్‌లో కన్నుమూశారు.

చివరిగా ఒక సవరణ. మీరు ప్రచురించిన క్రీమ్ ఛాయాచిత్రం కింద బ్రూస్, బేకర్ పేర్లు తారుమారయ్యాయి. డ్రమ్ముల వెనక కూర్చున్న ఎర్రజుట్టు మనిషి బేకర్. గిబ్సన్ బేస్ పట్టుకుని మైకు ముందు నిలబడి పాడుతున్నవాడు బ్రూస్. తొలి కచేరీ తేదీ, స్థలంతో పాటు దీన్ని కూడా వచ్చే ఆదివారం సంచికలో సరిచేయగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బేస్ గిటారు ఉపాధ్యాయుడు,
సికింద్రాబాదు, హైదరాబాదు.